సిరిల్ బాగట్, బ్రొమేజ్ గారి గడ్డిచేను దారి

సిరిల్ బాగట్ నడకకి బయల్దేరితే చూసేవాళ్ళకి పది రోజుల ప్రయాణం పెట్టుకున్నాడేమో అనిపిస్తుంది. ఒక చేతిమీద వానకోటు, ఇంకో చేతిలో గొడుగు, తలమీద ఎండటోపీ, జేబులో ఉన్ని మఫ్లరు. పోయేది అర మైలు. మా ఊళ్ళో వేసవి అంటే అదే మరి. ఎనిమిదింటికి ఎండ కాస్తుంది, కుర్చీ ఎత్తుకెళ్ళి పెరట్లో వేస్తాం. టీ కలుపుకుని వచ్చేసరికి కుర్చీలో నీళ్ళుంటాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఇలా మోసపోతున్నా ఇక్కడి జనం ప్రతి ఏడూ జూన్ నెలని కొత్తల్లుణ్ణి నమ్మినట్టు నమ్ముతారు. నేను నమ్మను. మే నుంచి సెప్టెంబరు దాకా నా ఒంటిమీద ఉన్ని చొక్కా ఉండాల్సిందే.

వెన్‌బ్రూక్‌లో మిల్ లేన్ చివర మా రెండిళ్ళూ పక్కపక్కనే. నా పేరు హిల్డా ప్రీస్. పద్నాలుగో ఏట బడి మానేసి బ్రొమేజ్ గారి పొలంలో పనికి చేరాను. గడ్డి ఎత్తాను, ప్లమ్ పళ్ళు కోశాను, ఆవుల కాళ్ళ కింద పడి లేచాను. సిరిల్ మా ఊరి పోస్టుమాన్. ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచాడు. ఈ చుట్టుపక్కల అతని పిక్క రుచి చూడని కుక్క లేదు. కరిచిన కుక్కకి కూడా ‘గుడ్ మార్నింగ్’ చెప్పే మనిషి. సంచీ దింపేసి పదహారేళ్ళయినా కాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున్న పది కొట్టేసరికి అవి వీధి వైపు లాగుతాయి.

అతని తోట కూడా అతనిలాంటిదే, మర్యాదస్తుల తోట. ఎర్రపూల చిక్కుడు పాదులు, ఉల్లి మడి, గోడవారగా స్వీట్‌పీ పూల తీగలు. ఆ తీగలకి కర్రలు పాతడం ఐవీ నేర్పింది. ఐవీ అతని భార్య. వానలు పడ్డ వేసవిలో చిప్పలేని నత్తలు ఆ తీగల మీద పడి రాత్రికి రాత్రి మేసేస్తాయి. నేనైతే ఉప్పు చల్లుతాను, అవి పోతాయి, నేను టిఫిను తింటాను. సిరిల్ వాటిని ఒక్కొక్కటే ఏరి బకెట్లో వేసుకుని, వెనక గేటు తీసి, బ్రొమేజ్ గారి గడ్డిచేలో విడిచిపెట్టి వచ్చేవాడు.

“అవి మళ్ళీ నీ ఇంటికే వస్తాయయ్యా,” అన్నాను ఒకసారి.

“వస్తే రానీ హిల్డా. దారి తెలిసినవి.”

ఆ దారి గురించే ఇదంతా. సిరిల్ వెనక గేటు దాటితే బ్రొమేజ్ గారి గడ్డిచేను. చేను అంచునే కాలిబాట, తర్వాత వాగు మీద రెండు పలకలు, అవతల చర్చి పెరడు, ఊరి సమాధులన్నీ అక్కడే. ఐవీ తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉంది, ఉత్తరపు గోడ దగ్గర, యూ చెట్టు కింద. జూన్‌లో తీగ పూత పట్టిన రోజు నుంచి సెప్టెంబరులో ఎండిపోయేదాకా సిరిల్ రోజూ ఏడు కాడలు కోసి, తడి పేపర్లో చుట్టి, ఆ బాట వెంట తీసుకెళ్ళేవాడు. ఏడే ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడు, ఆ తర్వాత నేను వినాల్సి వచ్చేది.

మూడేళ్ళ కిందట బ్రొమేజ్ గారు తొంభై ఒకటో ఏట పోయారు. పిల్లలు పొలం, ఇల్లు, ఇంట్లో సామాను అన్నీ కలిపి అమ్మేశారు. కొన్నాయన పేరు ఫెయిర్‌లీ. పట్నం మనిషి, గుర్రాలు పెంచుతాడు. వచ్చిన రెండో నెలలో చేను ఈ చివర ఆ చివర కొత్త గేట్లు, తాళాలు, ఒక బోర్డు. గుర్రప్పిల్లలున్నాయి, జనం నడవకూడదు అని దాని అర్థం. ఆయన చెడ్డవాడైతే నాకు తిట్టడానికి తేలిగ్గా ఉండేది. కనపడితే టోపీ తీసి పలకరిస్తాడు.

చర్చికి ఇంకో దారి లేకపోలేదు. రోడ్డు మీద రెండు మైళ్ళు. నడిచేవాళ్ళకి పక్కన జానెడు చోటు లేదు, మలుపు మలుపుకీ పాల లారీలు. సిరిల్ ఆ రోడ్డు పట్టాడు. చెప్పి చూశాను. ముప్పై ఎనిమిదేళ్ళు రోడ్డు మీద బతికినవాడికి రోడ్డు గురించి చెప్పడానికి నువ్వెవరు అన్నట్టు నవ్వాడు.

ఆ జూలైలో మూడు రోజులు ఎండ నిప్పులు చెరిగింది. గడ్డి మాడింది, గొట్టంతో తోట తడపొద్దని ఆర్డరు కూడా వేశారు. నాలుగో రోజు సిరిల్ ధైర్యం చేసి కోటు ఇంట్లో వదిలేసి ఉత్త టోపీతో వెళ్ళాడు. అతను దాన్ని నమ్మడమే ఆలస్యం, పదకొండింటికి వడగళ్ళు పడ్డాయి. కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. పన్నెండున్నరకి వచ్చాడు, తడిసిన కోడిలా, ఒక మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి, నెత్తురు బూటులోకి కారుతూ. లారీకి దారిచ్చి కాలవలో పడ్డాడట.

“డ్రైవరు ఆపాడా?”

“పాపం, చూసి ఉండడు.”

“నిన్ను తోసినవాణ్ణి కూడా పాపం అంటున్నావా!”

పేపరు చుట్ట ఇంకా చేతిలోనే ఉంది. పూలు పచ్చడయ్యాయి. దాన్ని నా వంటింటి బల్ల మీద పెట్టి, “ఇవాళ ఐవీ దగ్గరికి సగం దూరమే వెళ్ళగలిగాను హిల్డా,” అన్నాడు. మోకాలు కడుగుతుంటే కన్నార్పలేదు. 

ఆ తర్వాతే కౌన్సిల్ నుంచి ఒక అమ్మాయిని పిలిపించాను. నేనే. రాయడం నాకు పెద్ద అక్షరాలతో తప్ప రాదు, ఫోను చేయడం వచ్చు. మిస్ డెల్వ్స్ అట, మెళ్ళో కార్డు వేలాడేసుకుని వచ్చింది. నా కుర్చీలో కూర్చుని, నా కేకు తింటూ చెప్పింది: ఒక బాట మీద జనం ఇరవై ఏళ్ళు బాహాటంగా, బలవంతం లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా నడిచి ఉంటే అది జనం బాట. తాళం తీయాల్సిందే.

“ఇరవై ఏంటమ్మా? నేను అరవై ఏళ్ళు నడిచాను,” అన్నాను.

“చాలా సంతోషమండి. కానీ అనుమతి తీసుకుని నడిచి ఉండకూడదు. ఆయన దయ మీద నడిచినట్టు తేలితే లెక్కలోకి రాదు. మీరెవరైనా ఎప్పుడైనా ఆయన్ని అడిగారా?”

“అడగడమా? ఆ చేలో ఆయన గడ్డి నా వీపున మోసిందాన్ని. నేను అడుగుతానా?”

“మరి మీరు, మిస్టర్ బాగట్?”

సిరిల్ బాగా ఆలోచించాడు. “ఎప్పుడూ అడగలేదండి,” అన్నాడు. అది నిజమే. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు, నిజాన్ని సగంలో ఆపడం కూడా చేతకాదు. ఆ రోజు ఆ అమ్మాయి ప్రశ్న సగంలో ఆగింది, అంతే.

మా లేన్‌లో పదకొండు ఇళ్ళవాళ్ళం ఫారాలు నింపాం. నాది నింపడానికి రెండు సాయంత్రాలు పట్టింది. కిందటేడు శరదృతువులో పంపితే విచారణ ఈ జూన్‌కి పడింది. ఈలోగా సిరిల్ వారానికి రెండుసార్లు పాల లారీలతో కలిసి నడిచాడు. ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. వెనక్కి వచ్చాక మర్నాడు పక్క మీంచి లేవలేదు. వయసు నా మోకాళ్ళకి వచ్చింది గానీ నాకు రాలేదని అంతవరకూ అనుకునేదాన్ని.

విచారణ ఊరి హాల్లో పెట్టారు. బయట ధారగా వాన, లోపల తడి కోట్ల వాసన. విచారణకి వచ్చిన పెద్దమనిషి బల్ల వెనక, ఫెయిర్‌లీ గారు ఆయన లాయరూ ఒక పక్క, మేమంతా ఒక పక్క. నా వంతు వచ్చింది. అరవై ఏళ్ళ సంగతీ చెప్పాను, బల్ల మీద ఒక గుద్దు కూడా గుద్దాను. మావాళ్ళు చప్పట్లు కొట్టబోతే పెద్దమనిషి వద్దన్నాడు. గెలిచామనే అనుకున్నాను.

తర్వాత లాయరు లేచి ఒక బిస్కెట్ డబ్బా తీశాడు. పాత నీలం డబ్బా. బ్రొమేజ్ గారి వంటింటి సొరుగులో దొరికిందట. దాన్లోంచి ఒక కార్డు తీసి చదివాడు.

“‘ప్రియమైన బ్రొమేజ్ గారికి. ఈ ఏడు కూడా మీ చేలో మమ్మల్ని నడవనిచ్చినందుకు చాలా థాంక్స్. ఎండలో, వానలో ఆ బాట మాకెంత హాయో మీకు తెలియదు. ఒక సీసా ప్లమ్ జామ్ పంపుతున్నాము. మిల్ లేన్ వాళ్ళందరి తరఫున, ఐవీ బాగట్.’”

హాలు హాలంతా నేల చూపులు చూసింది. ఇంకోటి చదివాడు. ఇంకోటి. మొత్తం ఇరవై రెండు ఉన్నాయన్నాడు, ఏడాదికొకటి. చివరి ఆరూ సిరిల్ చేతిరాత. ఐవీ పోయినా పని ఆగకూడదని అతనే రాసిచ్చాడు. జామ్ మాత్రం ఇరవై రెండేళ్ళూ నాది. ప్రతి సెప్టెంబరూ ఐవీ వచ్చి, “హిల్డా, ఒక సీసా ఇవ్వవే,” అంటే ఇంటికేమో అనుకుని ఇచ్చాను, అది పోయాక సిరిల్ అడిగినా అంతే. నా జామ్ పెట్టి, నన్నడక్కుండా, నా తరఫున థాంక్స్ చెప్పింది! అక్కడ కూర్చుని చచ్చిపోయినదాని మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

“మిస్టర్ బాగట్,” అన్నాడు లాయరు మెత్తగా, “ఈ కార్డు తీసుకెళ్ళి ఇచ్చింది మీరేనా?”

“అవునండి. ఇరవై రెండూ నేనే ఇచ్చాను. పోస్టులో వేయలేదు, పక్కనే గదా.”

“ఇచ్చినప్పుడు బ్రొమేజ్ గారు ఏమైనా అనేవారా?”

బల్ల కింద అతని బూటు మీద నా బూటు పెట్టి నొక్కాను. నొక్కితే ఏం, అది పోస్టుమాన్ బూటు.

“అనేవారండి. ‘నాదేం పోయింది, మీకెప్పుడు కావాలంటే అప్పుడు నడవండి’ అనేవారు. ప్రతి ఏడూ అదే మాట. చాలా మంచాయన.”

అయిపోయింది. మిస్ డెల్వ్స్ పెన్ను మూత పెట్టేసింది.

తల ఎత్తి సిరిల్ వైపు చూశాను. సిగ్గుపడుతున్నాడేమో, ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. అతనికి మేమెవరమూ కనబడటం లేదు. ఆ డబ్బా వైపే చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఐవీ మాట ఎవరి నోటో విన్నాడు గదా. పెద్దమనిషి “ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?” అంటే లేచి నిలబడి, “వరదొచ్చిన ఏడాది కార్డు కూడా ఉందాండి? ఆ ఏడు బాట మునిగింది, మేం నడిచిందే లేదు. అయినా రాసింది,” అన్నాడు.

లాయరు వెతికాడు. ఉంది. ‘ఈ ఏడు నడవలేకపోయాము, అయినా థాంక్స్’ అని ఉంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాదే అని ఇప్పటికీ అందరూ అంటారు.

జూలై చివర్లో తీర్పు వచ్చింది. మిల్ లేన్ వాళ్ళు యజమాని అనుమతి మీద నడిచారు గనక అది జనం బాట కాదు. రెండు పేజీలు. చదివి పొయ్యిలో వేశాను. వేసవి గదా, పొయ్యి వెలిగించే ఉంది.

సిరిల్ పెరట్లో కర్రలు సరిచేస్తున్నాడు. ఏమీ జరగనట్టున్న ఆ వాలకం చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

“అంతా నీ పెళ్ళాం చేసింది,” అన్నాను కంచె మీంచి. ఎవరైనా అలా అంటారా? నేను అన్నాను.

“అవును,” అన్నాడు. కాసేపు దారం ముడి వేసి, “దానికి థాంక్స్ చెప్పకుండా ఉండటం రాదు హిల్డా. నీకు చెప్పడం రానట్టే,” అన్నాడు.

నేను ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ వానే. మాట్లాడటానికి ఎవరూ పెరట్లోకి రాలేదు కూడా.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఫెయిర్‌లీ గారు సిరిల్ పెరట్లోకి వచ్చారు. నేను చిక్కుడుకాయలు కోస్తున్నాను, పొంచి వినలేదు, చెవులు వాటంతటవే వింటాయి. ఆయన చంకలో నీలం డబ్బా.

“ఇవి మీ దగ్గర ఉండాల్సినవి,” అన్నారు. డబ్బా మీద ఒక తాళంచెవి పెట్టి, “రెండు గేట్లకీ ఇదే. మీ ఒక్కరికే. మీ ఇష్టం వచ్చినప్పుడు వెళ్ళండి, గుర్రాలని చూసి గేటు మూయండి చాలు,” అన్నారు.

మొహం మీద కొట్టాలి దాన్ని! పదకొండు ఇళ్ళవాళ్ళం రెండేళ్ళు తిరిగింది ఒక్కడి జేబులో ఒక చెవి కోసమా? నేనైతే ఆ చెవి తీసుకెళ్ళి వాగులో పారేసి, రోడ్డు మీదే నడిచి, లారీ కింద పడి చచ్చేదాన్ని. సిరిల్ మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. చెవి తీసుకున్నాడు.

“చాలా థాంక్సండి,” అన్నాడు.

ఆయన వెళ్ళాక కంచె దగ్గరికి వెళ్ళాను.

“నీకు సిగ్గుందా?”

“ఉండేది,” అన్నాడు. “నాకు ఎనభై ఒకటి హిల్డా. మోకాలు బాగాలేదు. దాని దగ్గరికి వెళ్ళాలి.”

నేను చిక్కుడుకాయలు ఎత్తుకుని ఇంట్లోకి వచ్చేశాను.

సెప్టెంబరు మొదటి వారంలో తలుపు తట్టాడు. చేతిలో కొత్త కార్డు, మీద ఊదారంగు పువ్వు బొమ్మ.

“ఒక జామ్ సీసా ఇస్తావా?”

“ఎవరికి?” అన్నాను, తెలిసే. “మళ్ళీ కార్డా! ఒకసారి మునిగింది చాలదా నీకు?”

“ఇంక మునగడానికి ఏముంది? ఈసారి లేన్ పేరు రాయలేదులే. నా పేరే రాశాను.”

చదివి చూపించాడు. ‘ఫెయిర్‌లీ గారికి. చెవి ఇచ్చినందుకు థాంక్స్. జామ్ హిల్డా ప్రీస్ చేసింది, ఆవిడ థాంక్స్ చెప్పడం లేదు. సి. బాగట్.’

అలమారలో అన్నిటికంటే చిన్న సీసా వెతికి ఇచ్చాను. కిందటేటిది, కొంచెం పంచదార కట్టింది కూడా.

అప్పటికి స్వీట్‌పీలు అయిపోవచ్చాయి. తీగ కింద నుంచి పసుపెక్కుతోంది. మర్నాడు పొద్దున్న ఎండ చూస్తే జూలై అనుకుంటారు. సిరిల్ ఏడు కాడలు వెతికి కోశాడు, ఒకటి సగం విడిచింది. వెనక గేటు దాటి చేను గేటు దాకా నేనూ వెళ్ళాను. తాళం తీసి గేటు పట్టుకుని నిలబడ్డాడు.

“రా.”

“చెవి నీ ఒక్కడిదే. ఆయన ఆ మాట గట్టిగానే అన్నాడు.”

“గేటు తీసింది నేను గదా.”

“ఒకరి దయ మీద నేను ఆ చేలో అడుగు పెట్టను. నువ్వు పో.”

అతను బలవంతం చేయడు. అది కూడా మర్యాదే. చేను అంచున మెల్లగా నడిచాడు. రెండేళ్ళు ఎవరూ నడవక బాట పూడిపోయింది, దురదగొండి నడుము దాకా లేచింది. గొడుగుతో పక్కకి తోసుకుంటూ పోయాడు. గుర్రాలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. వాగు దాటి చర్చి గోడ వెనక్కి వెళ్ళేదాకా నిలబడి చూశాను. ఇంటికి తిరగబోతే కంచె మీద అతని వానకోటు కనిపించింది. ఎండ చూసి మళ్ళీ మోసపోయాడు.

పడమట కొండ మీద ఆకాశం అప్పటికే నల్లబడింది. కోటు చేతిలోకి తీసుకున్నాను. మొదటి చుక్క నా ముక్కు మీద పడింది. గేటు మూయకుండానే వెళ్ళాడు మహానుభావుడు. మరిచిపోయానంటాడు, నేను నమ్మను.

లోపలికి నడిచాను. ఎవరినీ అడగలేదు. ఆ కౌన్సిల్ అమ్మాయి లెక్కన ఇవాళ మొదలుపెట్టి ఇలాగే ఇరవై ఏళ్ళు నడిస్తే బాట మాదవుతుంది. నాకప్పటికి తొంభై తొమ్మిది.

గడ్డి తడిసి మేజోళ్ళు కాళ్ళకి అతుక్కున్నాయి. పలకల మీద రెండుసార్లు ఆగాను. యూ చెట్టు కింద సిరిల్ గొడుగు పక్కన పెట్టి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, నెత్తి మీద వాన పడుతున్నా పట్టనట్టు. నీలం డబ్బాలోంచి ఐవీ కార్డు ఒకటి తెచ్చుకున్నాడు, తడవకుండా కోటు లోపల పెట్టుకుందామంటే కోటేది? చొక్కా లోపల పెట్టుకున్నాడు.

“తొడుక్కో,” అన్నాను. “మాట్లాడకు.”

తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

“థాంక్స్ హిల్డా,” అన్నాడు.

ఈ మనిషి మారడు. నేను పక్కన ఎవరిదో సమాధి రాయి మీద కూర్చున్నాను. కాళ్ళు పీకేస్తున్నాయి. వాన ఆగేదాకా ఎలాగూ కదలలేం.